నల్లగొండ నుంచి స్కీ రేసుకు: బిడ్డను పోటీ రోజుకు సిద్ధం చేయడం ఎట్లా

ఆల్పైన్ స్కీ రేసు అంటే మంచు వాలు మీద పాతిన కర్రల (వాటినే గేట్లు అంటారు) మధ్య మలుపులు తిరుగుతూ కిందికి జారే పోటీ. అందులో మీ బిడ్డ గేట్ల మధ్య ఉండేది ఒక్కో రన్‌కు, అంటే పైనుంచి కిందికి ఒకసారి దిగడానికి, నిమిషం, అటూ ఇటూ. ఆ నిమిషం సంగతి కోచ్ చూసుకుంటారు. కానీ తెల్లారకముందే లేవడం, కొండ మీద చలిలో తన నంబర్ కోసం ఎదురుచూడడం, రెండు రన్‌ల మధ్య ఖాళీ, పడిపోతే ఆ సాయంత్రం ఎట్లా గడుస్తుందన్నది, ఇవన్నీ పెద్దవాళ్లం చూసుకోవాల్సినవి. మంచు ఊళ్లలో పుట్టిన పిల్లలకు అన్నలనూ అక్కలనూ చూస్తే ఇవి అబ్బుతాయి. మన పిల్లలకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి.

నేను నల్లగొండ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని. ఖోఖో, కబడ్డీ పిల్లల్ని జోనల్ పోటీలకూ రాష్ట్ర పోటీలకూ తీసుకెళ్లడం నా ఉద్యోగం. మా ఆయనకు ఫౌజులో ఉండగా కశ్మీర్ పోస్టింగ్ పడింది. సెలవులకు వెళ్లిన మా చిన్నమ్మాయి గుల్‌మార్గ్‌లో స్కీ కోర్సు చేసింది, అక్కడి నుంచి రేసుల్లోకి వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి, మిర్యాలగూడ నుంచి పిల్లల్ని స్కీ కోర్సులకు పంపిన తల్లిదండ్రులు ఫోన్ చేసి అడిగేవన్నీ దాదాపు ఒకటే ప్రశ్నలు. వాటికి ఇక్కడ ఒక్కచోట జవాబు రాస్తున్నాను.

ముందు రేసు సంగతి మనకు తెలియాలి

ఆల్పైన్‌లో ప్రధానంగా నాలుగు రకాలు: స్లాలమ్, జెయింట్ స్లాలమ్, సూపర్-జి, డౌన్‌హిల్. మన దేశంలో పిల్లలు ఎక్కువగా దిగేది మొదటి రెండింటిలో. స్లాలమ్‌లో గేట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, సన్నటి కర్రలు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. జెయింట్ స్లాలమ్‌లో గేట్లు దూరం దూరం, రెండు కర్రల మధ్య గుడ్డ కట్టి ఉంటుంది, వేగం ఎక్కువ. రెండింటిలోనూ రెండు రన్‌లు. రెండు టైములూ కలిపి ఎవరిది తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. లెక్క సెకనులో వందో వంతు దాకా ఉంటుంది. మొదటి రన్ పూర్తి చేయకపోతే రెండో రన్ లేదు.

ప్రతి గేటు దగ్గరా రెండు స్కీల ముందు కొసలూ, రెండు పాదాలూ గేటు గీతను దాటాలి. ఒక స్కీ కర్రకు అటు, ఒకటి ఇటు పోయిందంటే గేటు తప్పినట్టే. పక్కనే గేట్ జడ్జి కూర్చుని రాసుకుంటారు. బిడ్డ బాగానే కిందికి వచ్చి చేతులు ఊపినా కాసేపటికి బోర్డు మీద డిస్‌క్వాలిఫై అని పడవచ్చు. అప్పుడు మనం కంగారు పడితే బిడ్డ ఇంకా కంగారు పడుతుంది. అభ్యంతరం ఉంటే ఆ జాబితా అంటించిన 15 నిమిషాల్లోపు టీమ్ తరఫున చెప్పాలి. అది కోచ్ పని. మీరు వెళ్లి జడ్జీలతో మాట్లాడొద్దు.

నంబర్ల సంగతి తల్లిదండ్రులకు బొత్తిగా అర్థం కాదు, దానివల్లే సగం టెన్షన్. ఛాతీ మీద కట్టుకునే నంబర్‌ను బిబ్ అంటారు. అంతకుముందు రేసుల్లో వచ్చిన పాయింట్లు మెరుగ్గా ఉన్నవాళ్లకు ముందు నంబర్లు వస్తాయి. ఇక్కడ పాయింట్లు తక్కువ ఉంటేనే గొప్ప. కొత్తగా వచ్చిన పిల్లలు చివర్లో వెళ్తారు. అంతర్జాతీయ స్కీ సమాఖ్య పాయింట్లు 16 ఏళ్ల వయసు నుంచి మొదలవుతాయి. అంతకన్నా చిన్నవాళ్లకు అండర్-14, అండర్-16 విభాగాలు, అక్కడ వరుస ఎట్లా వేస్తారన్నది నిర్వాహకులు ముందు రోజు సాయంత్రం జరిగే మీటింగ్‌లో చెప్తారు.

చివర్లో వెళ్లడం అంటే ఏమిటో బిడ్డకు చెప్పి పంపాలి. ముందు వెళ్లినవాళ్ల స్కీలు ప్రతి మలుపు దగ్గరా మంచును కోసుకుంటూ పోతాయి. నలభై మంది దాటాక గేటు పక్కన లోతుగా గాడి పడుతుంది. ఎండ ఎక్కితే అది ఇంకా మెత్తబడుతుంది. మొదటి నంబర్ అమ్మాయి దిగిన కోర్సూ, మీ బిడ్డ దిగే కోర్సూ పేరుకే ఒకటి. అందుకే ఆమె టైముతో మీ బిడ్డ టైమును పోల్చొద్దు. పక్క నంబర్ల పిల్లలతో పోల్చండి, లేదా మొదటి రన్‌లో ఎంత వెనకబడిందో, రెండో రన్‌లో ఎంతో చూడండి. ఇంకొక మాట: రెండో రన్‌లో మొదటి 30 స్థానాలు తిరగేస్తారు, 30వ స్థానంలో ఉన్నవాళ్లు అందరికన్నా ముందు దిగుతారు. అంటే మొదటి రన్‌లో ఎట్లాగోలా ఆ ముప్పైలో పడితే, నున్నటి కోర్సు మీద దిగే అవకాశం దొరుకుతుంది. ఈ ఒక్క సంగతి తెలిశాక మా అమ్మాయి మొదటి రన్‌లో దూకుడు తగ్గించి, కిందికి చేరడం మీద మనసు పెట్టింది.

మంచు లేని చోట చేయగలిగినవి

స్కీ నేర్పడం ఇక్కడ కుదరదు. రేసు నేర్పడం చాలావరకు కుదురుతుంది.

కాళ్ల సంగతి ముందు. స్కీలో తొడలు పనిచేసేది పైకి ఎక్కడానికి కాదు, ఒంటి బరువును ఆపుకుంటూ కిందికి దిగడానికి. లతీఫ్ సాహెబ్ గుట్ట మెట్లు ఉన్నాయి కదా, అందరూ ఎక్కడాన్నే వ్యాయామం అనుకుంటారు. నేను మా అమ్మాయిని మామూలుగా ఎక్కించి, నిదానంగా దింపుతాను. ఒక్కో మెట్టు మీద మోకాలు వంచి, రెండు లెక్కబెట్టి, చప్పుడు కాకుండా కింది మెట్టు మీద కాలు పెట్టాలి. పాదం చప్పున పడిందంటే తొడ పట్టు వదిలినట్టు. మొదటివారం మరునాడు కాళ్లు పట్టేసి కుర్చీలోంచి లేవలేరు, అందుకే రోజు విడిచి రోజు చాలు. భువనగిరి వాళ్లకు కోట మెట్లు ఉన్నాయి. మలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కకముందు తాడు పట్టుకోవడం నేర్చింది ఆ బండ మీదే. మంచు లేని జిల్లాలో పుట్టడం అడ్డు కాదని పిల్లలకు చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

పక్కలకు దూకడం, ఒంటికాలి మీద కూర్చుని లేవడం, ఇన్‌లైన్ స్కేట్లు. స్కేట్లకు పొద్దున్నే ఖాళీగా ఉండే నున్నటి రోడ్డు కావాలి, హెల్మెట్, మోచేతి, మోకాలి కవచాలు కావాలి. పానగల్ చెరువు వైపు పొద్దున ఆరు లోపు ఐతే బాగుంటుంది.

ఇక నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది కర్రల ఆట. రేసుకు ముందు పిల్లలకు కోర్సును చూసే సమయం ఇస్తారు, దాన్ని ఇన్‌స్పెక్షన్ అంటారు. బిబ్ కనబడేట్టు కట్టుకుని, గేట్ల పక్క నుంచి అడ్డంగా జారుతూ కిందికి దిగుతూ చూడాలి. గేట్ల గుండా రేసులో లాగా దిగితే డిస్‌క్వాలిఫై చేస్తారు. ఆ ఒక్క చూపులోనే గేట్లన్నీ గుర్తుపెట్టుకోవాలి. స్లాలమ్‌లో నలభై, యాభై మలుపులు ఉండవచ్చు. ఎక్కడ వాలు నిట్టనిలువు అవుతుంది, ఎక్కడ రెండు మూడు గేట్లు నిలువు వరసలో ఉన్నాయి, ఎక్కడ ఒక గేటు కావాలని దూరంగా పెట్టారు, ఇదంతా. మన పిల్లలకు ఇది కొత్త, కానీ దీనికి మంచుతో పని లేదు.

మా స్కూల్ గ్రౌండ్‌లో సన్నటి వెదురు కర్రలు పాతాను. సగం కర్రలకు ఎర్ర గుడ్డ, సగానికి నీలం. దూరాలు సమానంగా పెట్టను. ఒకచోట ఇరుకు, ఒకచోట వెడల్పు, ఒకచోట రెండు కర్రలు ఒకే గీతలో. పిల్ల ఒక్కసారి పక్క నుంచి నడిచి వస్తుంది. తర్వాత చెట్టు కింద కూర్చుని నోట్‌బుక్‌లో గీస్తుంది. నేను అడుగుతాను: "ఏడో గేటు తర్వాత ఏముంది బిడ్డా?" మొదట్లో నాలుగో గేటు దగ్గరే ఆగిపోయేది. తర్వాత మా అమ్మాయి తనంతట తానే ఒక పద్ధతి కనిపెట్టుకుంది. కళ్లు మూసుకుని, అరచేతిని స్కీ అనుకుని, గాలిలో మలుపులు తిప్పుతూ నోటితో "ఎడమ, కుడి, ఎడమ, ఆగు, కుడి" అనుకుంటూ పోవడం. గుల్‌మార్గ్‌లో స్టార్ట్ దగ్గర చూస్తే పెద్ద రేసర్లందరూ అచ్చం అదే చేస్తూ కనబడ్డారు. పది కర్రలతో మొదలుపెట్టండి, పదిహేనుకు, ఇరవైకి పెంచండి. రోజూ కర్రల చోటు మార్చండి, లేకపోతే పిల్లలు బట్టీ పట్టేస్తారు.

ఎదురుచూడడం కూడా నేర్పాలి. ఒళ్లు వేడెక్కేదాకా వార్మప్ చేయించి, అరగంట ఖాళీగా కూర్చోబెట్టి, ఉన్నట్టుండి "ఇంకో నాలుగు నిమిషాల్లో నీ వంతు" అనండి. ఆ నాలుగు నిమిషాల్లో తనంతట తాను మళ్లీ ఒంటిని లేపుకోవాలి. ఖోఖో పిల్లలకూ నేను ఇదే చేయిస్తాను. మ్యాచ్ ఎప్పుడూ చెప్పిన టైముకు మొదలవదు.

బయల్దేరే ముందు

ఎంట్రీ మనం ఇంట్లో కూర్చుని పంపేది కాదు, రాష్ట్ర సంఘం ద్వారానో, శిక్షణ ఇచ్చే సంస్థ ద్వారానో వెళ్తుంది. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, మెడికల్ ఫిట్‌నెస్, తల్లిదండ్రుల అంగీకార పత్రం నాలుగు నాలుగు కాపీలు పెట్టుకోండి. గుల్‌మార్గ్‌లో జిరాక్స్ కోసం తిరగడం మన క్లాక్ టవర్ సెంటర్‌లో తిరిగినట్టు ఉండదు.

తేదీలు మారతాయని ముందే అనుకోండి. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ గుల్‌మార్గ్ పోటీలు ఫిబ్రవరిలో జరగాల్సింది, మంచు చాలక మార్చి 9 నుంచి 12 దాకా జరిగాయి. మార్చి అంటే మనకు పదో తరగతి పరీక్షల నెల. బిడ్డ పదిలో ఉంటే ఆ ఏడాది ఏం చేయాలో దసరా నాటికే ఇంట్లో తేల్చుకోండి. మిగతా తరగతుల్లో ఐతే హెడ్‌మాస్టర్‌ను ముందే కలిసి, పిలుపు లేఖ చూపించి, హాజరు గురించి రాతపూర్వకంగా అడగండి. టికెట్లు రద్దు చేసుకోగలిగేవే తీసుకోండి.

ప్రయాణంలో నాలుగు సంగతులు. స్కీలు అక్కడ అద్దెకు దొరుకుతాయి, కానీ బిడ్డ కాలికి కుదిరిన బూట్లు దొరకవు. విమానంలో వెళ్తే బూట్లు చేతి సంచిలోనే పెట్టండి, స్కీల బ్యాగు పోయినా రేసు ఆగదు. స్కీల అంచులు రాకే ఆకురాయి మాత్రం చేతి సంచిలో వద్దు, తీసేసుకుంటారు. శ్రీనగర్ నుంచి గుల్‌మార్గ్ యాభై కిలోమీటర్ల చిల్లర. మంచు బాగా పడితే టంగ్‌మార్గ్ దగ్గర దిగి, చక్రాలకు గొలుసులు కట్టిన బండి ఎక్కాలి, ఆ టైము కలుపుకోండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. కనీసం ఒక పోస్ట్‌పెయిడ్ నంబర్ ఉండాలి, లేకపోతే ఇంటి దగ్గర నానమ్మలూ తాతలూ అల్లాడిపోతారు.

ఎత్తు గురించి. గుల్‌మార్గ్ మన నల్లగొండకన్నా చాలా ఎత్తు, సముద్రమట్టానికి సుమారు 2650 మీటర్లు. కేబుల్ కారులో కొంగ్‌డోరి దాకా పోతే 3000 దాటుతుంది. దిగిన రోజే తలనొప్పి, నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం మామూలే. రేసుకు కనీసం నాలుగైదు రోజుల ముందు చేరండి, మొదటి రోజు పరుగులు వద్దు, నీళ్లు తాగిస్తూ ఉండండి. తలనొప్పి ముదిరి వాంతులైతే ఓర్చుకోమని చెప్పొద్దు, డాక్టర్‌కు చూపించి కిందికి తీసుకెళ్లండి.

హిందీ రాని పిల్లలకు ఒక్క వాక్యమైనా నేర్పి పంపండి: "సర్, చక్కర్ ఆ రహా హై." తల తిరుగుతుంటే చెప్పడానికి మాటలు రాక ఊరుకునే పిల్లలు ఉంటారు.

బట్టలు, బూట్లు, డబ్బా

నూలు బనియన్ వద్దు. చెమటతో తడిస్తే ఆరదు, చలి పట్టుకుంటుంది. ఒంటికి అతుక్కునే పాలిస్టర్ లేదా ఉన్ని థర్మల్స్ కావాలి. రేస్ సూట్ పల్చగా ఉంటుంది, దాంతో కొండ మీద నిలబడలేరు. పైన వేసుకునే ప్యాంటుకు పక్కల నిండా జిప్ ఉండాలి, బూట్లు విప్పకుండానే తీసేయగలగాలి. వంతుకు రెండు మూడు నిమిషాల ముందు దాకా పైబట్టలు తీయనివ్వొద్దు. తీసినవి కిందికి ఎవరు తెస్తారో ముందే మాట్లాడుకోండి, లేదంటే పిల్ల ఫినిష్ దగ్గర వణుకుతుంటే జాకెట్ పైనే ఉంటుంది.

సాక్స్ ఒక్క జత, పల్చటివి. చలి అని రెండు జతలు తొడిగితే రక్తం ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. రన్‌ల మధ్య బూటు బకిల్స్ వదులు చేసి వేళ్లు ఆడించమనండి. హెల్మెట్ విషయంలో బేరం వద్దు. జెయింట్ స్లాలమ్‌కు చెవుల మీద కూడా గట్టి పెంకు ఉండాలి. స్లాలమ్‌కు గడ్డం ముందు కడ్డీ, ముంజేతులకూ మోకాళ్ల కిందా కవచాలు, ఎందుకంటే ఆ కర్రలను ఒంటితో కొట్టుకుంటూ పోతారు. బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు ఊడిపోయే బైండింగ్‌ను బిడ్డ బరువు, ఎత్తు, బూటు పొడవు, నైపుణ్యం చూసి తెలిసినవాళ్లే బిగించాలి. పిల్ల పెరిగే వయసులో ఉంటే ప్రతి సీజన్ మళ్లీ చూపించాలి. గాగుల్స్ లోపల ఆవిరి పట్టిందని గ్లవుతో తుడిస్తే పూత పోతుంది, గాలికి ఆరనివ్వాలి. ముఖానికి సన్‌స్క్రీన్ ముక్కు కిందా గడ్డం కిందా కూడా రాయండి, ఎండ మంచు మీద పడి కింద నుంచి కూడా కొడుతుంది.

తిండికి మన వంటలే మేలు, కాకపోతే చలి సంగతి గుర్తుండాలి. పల్లీ పట్టీ రాయి అవుతుంది, చిన్న పిల్లల పళ్లకు ఆనదు. మలీద ముద్దలు చిన్నచిన్నగా, ఒక్క నోట పట్టేంత చేసి లోపలి జేబులో పెట్టండి, ఒంటి వేడికి మెత్తగానే ఉంటాయి. ఖర్జూరాలు కూడా. నీళ్ల సీసా మూతి దగ్గర ముందు గడ్డ కడుతుంది, అందుకే తలకిందులుగా పెట్టుకోవాలి, లేదా ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్లు. పొద్దున నూనె కారే పరాఠాలు తినిపించి పంపొద్దు, టెన్షన్‌కు అవి కడుపులో తిరుగుతాయి.

ఆడపిల్లల తల్లులకు ఇంకొక మాట. రేసు రోజే నెలసరి రావచ్చు. బిగుతు సూట్, పైన టాయిలెట్ ఉండదు. తేదీ దగ్గర్లో ఉంటే ఇంటి దగ్గర ఒకరోజు అదే సూట్ తొడిగి ఏది సౌకర్యమో చూసుకోవాలి, ముదురు రంగు షార్ట్ ఒకటి లోపలికి పెట్టుకోవాలి. ఈ సంగతి మగ కోచ్‌కు ఎట్లా చెప్పాలని పిల్లలు లోపల్లోపల నలిగిపోతారు. ముందే మీరు చెప్పి ఉంచితే సగం భారం దిగుతుంది.

రేసు రోజు

బిడ్డ స్టార్ట్ దగ్గరికి వెళ్లాక మీరు వెంట పోవద్దు. అక్కడ కోచ్ ఒక్కరి గొంతే వినబడాలి. పైన జరిగేది మాత్రం బిడ్డకు ముందే తెలిసి ఉండాలి. ముందు కొందరు దిగుతారు, వాళ్లు పోటీలో ఉన్నవాళ్లు కాదు, కోర్సును పరీక్షించేవాళ్లు. తర్వాత ఒక్కొక్కరిని పిలుస్తారు. స్టార్ట్ గేటు దగ్గర కాలికి అడ్డంగా ఒక సన్నటి కడ్డీ ఉంటుంది. గడియారం మొదలయ్యేది ఆ కడ్డీ తెరుచుకున్నప్పుడు, స్టార్టర్ "గో" అన్నప్పుడు కాదు. జెయింట్ స్లాలమ్‌లో "గో" అనే క్షణానికి ఐదు సెకన్లు ముందూ ఐదు సెకన్లు వెనకా బయల్దేరవచ్చు. స్లాలమ్‌లో "గో" అన్నాక పది సెకన్ల దాకా. కాబట్టి ఆ మాట వినగానే ఉలిక్కిపడి దూకాల్సిన పని లేదు. ఒక్క ఊపిరి వదిలి, చేతుల్లోని పోల్స్ గట్టిగా పాతి, అప్పుడు తోసుకోవచ్చు. మా అమ్మాయి చేతులు వణకడం ఆగింది ఈ సంగతి తెలిశాకే.

పిల్లలు స్టార్ట్ దగ్గర ఒకరినొకరు చూసుకుంటారు. పక్కపిల్ల కొత్త సూట్, మెరిసే స్కీలు, చిన్నప్పటి నుంచి మంచు మీద ఆడినట్టు ఆ నిలబడే తీరు. మన బిడ్డ గుండె అక్కడే జారిపోతుంది. దానికి నేను చేయించేది ఒక్కటే: తన ముందు ఐదుగురు ఉండగా చూపు కోర్సు మీదికి తిప్పి, చేతితో మలుపులు తిప్పుకోవడం మొదలుపెట్టాలి. చేతికి పని ఉంటే కళ్లు పక్కకు పోవు.

మీరు ఫినిష్ దగ్గర నిలబడండి. వీడియో తీయడం వేరేవాళ్లకు అప్పజెప్పండి. పిల్లలు ఫినిష్ గీత దాటగానే ముందు బోర్డు చూస్తారు, తర్వాత తిరిగి మీ ముఖం చూస్తారు. ఆ క్షణంలో మీ ముఖం ముందు ఫోన్ అడ్డం ఉండకూడదు. దగ్గరికి రాగానే జాకెట్ కప్పండి, గోరువెచ్చటి నీళ్లు ఇవ్వండి, ఏమీ అడగొద్దు. తనే మాట్లాడుతుంది. "ఆరో గేటు దగ్గర ఆలస్యమైంది అమ్మా" అంటే "అవునా" అనండి చాలు. రెండో రన్‌కు కోర్సు మార్చి పెడతారు, మళ్లీ ఇన్‌స్పెక్షన్ ఉంటుంది. మొదటి రన్‌లో ఏం తప్పిందో తవ్వుతూ కూర్చుంటే ఆ కొత్త కోర్సు బుర్రలోకి ఎక్కదు.

కిందికి చేరకపోతే

గేటు తప్పి మధ్యలోనే ఆగిపోయినా, పడి లేవలేకపోయినా ఫలితాల్లో డీఎన్‌ఎఫ్ అని రాస్తారు, రేసు పూర్తి చేయలేదని. స్లాలమ్‌లో తప్పిన గేటు దగ్గరికి పైకి ఎక్కి మళ్లీ దిగవచ్చు, వెనక వచ్చేవాళ్లకు అడ్డం కాకపోతే. జెయింట్ స్లాలమ్‌లో గేటు తప్పి ఆగిపోతే ఇక పక్కకు తప్పుకోవాల్సిందే. ఈ తేడా పిల్లలకు ముందే తెలియాలి. తెలియక జెయింట్ స్లాలమ్‌లో పైకి ఎక్కుతుంటే వెనక రేసర్ గుద్దే ప్రమాదం ఉంది.

ఇంత దూరం వచ్చి, ఇన్ని రోజులు ఆగి, పదిహేను సెకన్లలో అయిపోవడం చిన్న దెబ్బ కాదు. "ఏం కాదులే" అనొద్దు. అయింది కాబట్టే ఏడుస్తుంది. కాసేపు ఏడవనివ్వండి. తర్వాత నేను చెప్పేది నిజంగా జరిగినవి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు మన దేశం నుంచి వెళ్లింది ఒక్క ఆరిఫ్ ఖానే, గుల్‌మార్గ్ కింద టంగ్‌మార్గ్ ప్రాంతం ఆయనది. జెయింట్ స్లాలమ్‌లో మంచు కురుస్తుండగా రెండు రన్‌లూ పూర్తి చేసి 45వ స్థానంలో నిలిచారు. స్లాలమ్‌లో మొదటి రన్ పూర్తి చేయలేకపోయారు. అదే ఒలింపిక్స్‌లో అమెరికా అమ్మాయి మికేలా షిఫ్రిన్ జెయింట్ స్లాలమ్‌లోనూ స్లాలమ్‌లోనూ మొదటి రన్‌లోనే, కొన్ని సెకన్లలోనే బయటికి పోయింది. కోర్సు పక్కన మంచులో కూర్చుండిపోయిన ఆ పిల్లను ప్రపంచమంతా చూసింది. 2025 ఫిబ్రవరిలో ఆమె వందో ప్రపంచ కప్ రేసు గెలిచింది. మనాలి దగ్గర బురువా ఊరి అమ్మాయి ఆంచల్ ఠాకూర్ 2018లో టర్కీలో కాంస్యం తెచ్చింది. ఈ పేర్లు మన పిల్లలకు క్రికెటర్ల పేర్లలాగా తెలిసి ఉండాలి.

ఇంటికి ఫోన్ చేసే పని బిడ్డకు అప్పజెప్పొద్దు. "ఎన్నో స్థానం వచ్చింది?" అని చుట్టాలు అడిగేదానికి మీరే జవాబు చెప్పి పెట్టేయండి.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండాలి. తలకు దెబ్బ తగిలితే ఆ రోజు రెండో రన్ లేదు. బిడ్డ బాగానే ఉన్నానన్నా, కోచ్ పర్వాలేదన్నా సరే. తలనొప్పి, వాంతి, మసక చూపు, అడిగిందే మళ్లీ అడగడం, నిద్రమత్తు, వీటిలో ఏది కనబడినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టర్ చెప్పేదాకా మంచు మీదికి పంపొద్దు. గట్టిగా తగిలిన హెల్మెట్ బయటికి పగలకపోయినా మార్చేయాలి. మోకాలు తిరిగి "టక్" మని చప్పుడు విన్నానని చెప్తే నడిపించొద్దు.

తిరిగొచ్చాక

వారం పది రోజులు ఒంటికి విశ్రాంతి ఇచ్చి, నోట్‌బుక్‌లో ఆ రేసు కోర్సును గుర్తున్నంత గీయమనండి. ఏ గేటు దగ్గర ఏం జరిగిందో తనే రాయాలి, మీరు దిద్దొద్దు. వచ్చే ఏడాది అదే కొండకు పోయేటప్పుడు ఆ పేజీలు పనికొస్తాయి.

సొంత స్కీలు ఉంటే మన ఎండ నుంచీ వానల నుంచీ కాపాడుకోవాలి, ఈ సంగతి కొండల్లోని కోచ్‌లు చెప్పరు, వాళ్లకు ఆ అవసరం రాదు. స్కీలను గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. అంచుల మీద తుప్పు కనబడితే తీసేయండి. అడుగున వాక్స్ కరిగించి మందంగా పట్టించండి, ఇనుప అంచుల మీదికి కూడా వచ్చేట్టు, గీకకుండా అట్లాగే వదిలేయండి. రేకుల కప్పు కింద, అటక మీద పెట్టొద్దు. మే నెలలో అక్కడి వేడికి వాక్స్ మెత్తబడుతుంది, బూట్ల ప్లాస్టిక్, జిగురు పాడవుతాయి. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిలో మంచం కింద చాలు. బూట్ల లోపలి మెత్తను బయటికి తీసి నీడలో ఆరబెట్టి, మళ్లీ పెట్టి, బకిల్స్ వదులుగా తగిలించండి, లేకపోతే బూటు ఆకారం మారుతుంది. వానాకాలం మధ్యలో ఒకసారి తీసి అంచులు చూడండి. డిసెంబర్‌లో బయల్దేరే ముందు ఆ వాక్స్ గీకి, బిడ్డ పాదం కొలిచి, బూటు ఇంకా సరిపోతుందో లేదో చూసి, అప్పుడు టికెట్లు తీయండి.